ఓడినవాడి ఎత్తులు

ఇప్పుడంటే ఆ జబ్బుకో పేరుంది. ఫైలుంది, పొద్దున్నొకటీ రాత్రొకటీ మాత్రలున్నాయి. ఆ వానాకాలం ఇవేవీ లేవు. రథయాత్ర మర్నాటి నుంచి వినాయకచవితి ముందు దాకా, మా ఇంట్లో ఏది నిజమో ఏది కాదో తెలీక గానుగెద్దులాగ తిరిగేను. ఎవరినైనా అడుగుదామంటే ఏటని అడగాలో కూడా తెలీదు.

మొదలు టీతో అయింది. మా మామయ్య రమణమూర్తిగారు రైల్వేలో గార్డుగా చేసి రిటైరయ్యేరు. రాయగడ స్టేషన్ వెనకాలే మా ఇల్లు. సాయంత్రం టీ మాత్రం ఆయనే పెడతారు, నన్ను స్టౌ దగ్గరకి రానివ్వరు. రథయాత్ర మర్నాడు పెట్టి నాకూ ఒక గ్లాసు ఇచ్చేరు. నోట్లో పోసుకుంటే ఒట్టి ఉప్పు కషాయం. ఆయన మాత్రం కిటికీలోంచి వాన చూస్తూ చప్పరించి తాగుతున్నారు. బాగుందా అమ్మీ అని అడిగితే, బాగుంది మామయ్యా అన్నాను. పెద్దాయన, ఒక్కరోజు చెయ్యి పొరపాటు, దానికింత రాద్ధాంతం ఎందుకనుకున్నాను. తర్వాత వారం మా ప్రణతిని, తొమ్మిదేళ్ల పిల్లని, బుల్లీ, జడేసుకోలేదేటే అని కేకేసేరు. బుల్లి ఆయన చెల్లెలు. ఆవిడిప్పుడు పలాసలో మనవల్ని ఎత్తుకుంటోంది. తాతకి తమాషాలు ఎక్కువైపోయేయని పిల్ల నవ్వింది. నాకు నవ్వు రాలేదు.

పోనీ మనిషి పాడైపోయేరా అంటే అదీ లేదు. అక్కడే ఉంది చిక్కంతా. నాలుగయ్యేసరికి ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, గొడుగు పట్టుకుని రైల్వే ఇన్‌స్టిట్యూట్‌కి బయల్దేరతారు. అది రైల్వేవాళ్ల క్లబ్బు, అక్కడ బిశ్వజిత్ మాస్టారితో చదరంగం. మాస్టారు ఒడియా ఆయన, హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరయ్యేరు. ఇరవయ్యేళ్లుగా వీళ్లిద్దరికీ ఇదే పని. మాస్టారంటే అల్లాటప్పా ఆటగాడు కాదు, ఒకప్పుడు కోరాపుట్‌లో జరిగిన పోటీల్లో కప్పు కొట్టుకొచ్చిన మనిషి. అలాంటి మాస్టారి మీద మా మామయ్య ఆ వానాకాలం వరసపెట్టి గెలుస్తున్నారు. టీలో ఉప్పేసిన చెయ్యే అక్కడ ఆటకట్టు చేసి వస్తోంది. ఇందులో ఏ చెయ్యి నమ్మాలో మీరే చెప్పండి.

మామయ్యకి మూడు పుస్తకాలున్నాయి. మూడూ ఇంగ్లీషువే, అట్టలు ఊడిపోతే ఖాకీ కాయితం అట్టలేసుకున్నారు. ఒకటి ఆట ఎలా మొదలుపెట్టాలో చెప్పేది. ఇంకొకటి, అవతలవాడు మీద పడిపోతున్నప్పుడు ఎలా కాపాడుకోవాలో చెప్పేది. మూడోది లావుపాటిది, ప్రపంచాన్ని ఏలిన ఆటగాళ్ల ఆటలు ఎత్తు వెనక ఎత్తు అచ్చేసి ఉన్నది. గూడ్సు బండి ఏ అడివి స్టేషన్లోనో లూప్ లైన్లో గంటలకొద్దీ ఆగిపోతే, చివరి బ్రేకు పెట్టెలో కూర్చుని ఇవే చదివేవారట. రామాయణం పారాయణ చేసినట్టు చేసేరు. మూడో పుస్తకంలో కొన్ని ఆటలు ఆయనకి నోటికొచ్చు.

వాటికి తోడు ఒక నోటుబుక్కు. గార్డు బతుకంతా టైము రాయడమే. ఏ స్టేషన్ ఎన్నింటికి దాటేం, ఎక్కడ ఎన్ని నిమిషాలు ఆగేం, అన్నీ రాసి ఒప్పచెప్పాలి. ఆ అలవాటు చావక చదరంగానికీ రాస్తారు. పైన తేదీ, అవతలి ఆటగాడి పేరు, కింద ఒక్కో ఎత్తూ, దాని పక్కన టైము, చివర ఎవరు గెలిచేరు.

మా ఆయన సూర్యప్రకాష్ తెరుబలి ఫ్యాక్టరీలో ఎలక్ట్రీషియను. జనరల్ షిఫ్టు దిగి, ఆరు దాటేక ఇంటికొచ్చి, గుమ్మం మీద కూర్చుని బూట్లు విప్పుకుంటూ రోజూ ఒకటే ప్రశ్న వేస్తారు, ఎవరు గెలిచేరు నాన్నా అని. లోపల్నుంచి గెలిచేన్రా అని వస్తుంది. దాంతో మా ఆయన కడుపు నిండిపోతుంది. నేను ఉప్పు సంగతో బుల్లి సంగతో ఎత్తితే, బిశ్వజిత్ మాస్టారిని ఓడించేవాడికి మతి తప్పిందంటావా, ఏదీ నువ్వు ఓడించు చూద్దాం అనేవారు. నాకు బంటుకీ ఏనుగుకీ తేడా తెలీదు, నేనేం ఓడిస్తాను. నోరు మూసుకుని వంటింట్లోకి పోయేదాన్ని.

శ్రావణం మొదట్లో టికిరి సంగతి జరిగింది. ఆ రోజు నాలుగున్నరకి మాస్టారు ఫోన్ చేసి, మూర్తిబాబు ఇంకా రాలేదేం అని అడిగేరు. చూస్తే కొక్కేనికి చొక్కా లేదు, మూల గొడుగు లేదు, మనిషి లేరు. ఇన్‌స్టిట్యూట్ దారంతా వెతికేను, స్టేషన్లో వెతికేను, కొబ్బరికాయల కొట్టు దగ్గర నిలబడి ఏడ్చేను కూడా. ఆఖరికి టికిరి స్టేషన్ నుంచి ఫోనొచ్చింది. కోరాపుట్ వైపు వెళ్లే బండెక్కి, చిట్టచివరి పెట్టెలో కూర్చుని వెళ్లిపోయేరట. టికిరిలో దిగి, ప్లాట్‌ఫారం మీద నిటారుగా నిలబడి, భుజం మీది పచ్చ తువ్వాలు తీసి బండికి జెండా ఊపేరట. ఆ బండి అసలు గార్డు, ఇప్పుడు వాళ్లని ట్రెయిన్ మేనేజర్ అంటున్నారు, ముందు నవ్వేడట. తర్వాత మామయ్య మొహం చూసి నవ్వు ఆపేసి, చెయ్యి పట్టుకుని స్టేషన్ మాస్టర్ గదిలో కూర్చోబెట్టి మరీ వెళ్లేడట.

మా ఆయన ఫ్యాక్టరీ నుంచి అటునుంచటే వానలో మోటార్ సైకిల్ మీద వెళ్లి తీసుకొచ్చేరు. మామయ్య ఇంట్లోకి వస్తూనే, బండి టైముకే వదిలేను అని నాతో చెప్పేరు. అంత నిబ్బరంగా చెప్పేసరికి, ఒక్క క్షణం నాకే అనుమానం వచ్చింది, ఈయన నిజంగా డ్యూటీకే వెళ్లేరేమో అని.

మర్నాడు పొద్దున్న గట్టిగా పట్టుకున్నాను. విశాఖపట్నం తీసుకెళ్లి నరాల డాక్టరుకి చూపిద్దామండీ అన్నాను. మా ఆయన టిఫిన్ డబ్బా మూత పెడుతూ పెడుతూ ఆగిపోయేరు.

"చూపిస్తే ఏటవుద్ది? మతి పోయిందని రాసిస్తాడు. రాసిస్తే ఇంక గేటుకి తాళమే నాగశ్రీ. ముప్పయ్యారేళ్లు బండి వెనకాల ఊళ్లమ్మట తిరిగిన మనిషిని ఇంట్లో పెట్టి తాళమెయ్యమంటావా?"

 మళ్లీ ఆయనే మూత నొక్కుతూ, మొన్న కూడా గెలిచేరు కదా అని గొణుక్కున్నారు. నాకు కోపం వచ్చింది, జాలీ వేసింది. రెండూ ఒకేసారి వస్తే మనిషి ఏం చెయ్యాలో ఎవరూ నేర్పలేదు. పైగా తాళమంటూ వేస్తే ఆ వేసే చెయ్యి నాదే. ఆయన తెల్లారితే తెరుబలి పోతారు. గేటు దగ్గర మామయ్య నిలబడి, తియ్యమ్మీ అంటే, లేదు మామయ్యా అనాల్సింది నేను. కరవమంటే కప్పకి కోపం, విడవమంటే పాముకి కోపం.

అలాగ మా ఇంట్లో ఒక తీర్మానం అయిపోయింది. మామయ్య గెలుస్తున్నన్నాళ్లూ ఆయనకేం లేదు, గేటు తెరిచే ఉంటుంది. ఓడిపోతే అప్పుడు చూద్దాం. ఈ మాట ఎవరూ పైకి అనలేదు గానీ, ఆరింటికి మా ఆయన ప్రశ్న వేసినప్పుడల్లా నా చెయ్యి గరిట మీద ఆగిపోయేది. నాలుగింటికి నేనూ కూరలకని సంచి పట్టుకుని మామయ్యతో ఇన్‌స్టిట్యూట్ దాకా వెళ్లేదాన్ని. ఇంట్లో బెండకాయలు కుళ్లిపోతున్నా మళ్లీ బెండకాయలే కొనేదాన్ని.

ఒక సాయంత్రం తిరిగొస్తుంటే గాలివాన పట్టుకుంది. గొడుగు తిరగబడిపోయింది. మామయ్య చంకలో నోటుబుక్కు నానిపోయి ముద్దైపోయింది. పిల్లకి జొరమొస్తే కూర్చున్నట్టు ఆ పుస్తకం పక్కనే కూర్చున్నారు ఆయన. ఇలాగివ్వండి మామయ్యా అని తీసుకుని, పొద్దున్నే పాత పేపరు పరిచి, ఒక్కో పేజీ విడదీసి ఇస్త్రీ పెట్టేను.

నాకు ఆట రాదు. కానీ బియ్యంలో రాళ్లేరే కళ్లు నావి. మంగళవారం పేజీ ఆరబెట్టేక, ముందటి వారం శుక్రవారం పేజీ ఆరబెడుతుంటే, ఇప్పుడే దీన్ని చూసేను కదా అనిపించింది. రెండూ పక్కపక్కన పెట్టేను. మొదటి ఎత్తు నుంచి ఆఖరి ఎత్తు దాకా ఒక్కటంటే ఒక్క అక్షరం తేడా లేదు. తేదీలు వేరు, ఆట ఒకటే. ఇస్త్రీ పెట్టె పక్కన పెట్టేసి కిందే కూలబడి అన్నీ తిరగేసేను. జూన్ నుంచి ఇప్పటి దాకా ఆరే ఆరు ఆటలు. సినిమా హాల్లో ఆటలు మార్చినట్టు వాటినే మార్చి మార్చి ఆడుతున్నారు.

జూన్ ముందు మాత్రం వేరు. ఏప్రిల్, మే పేజీల్లో మొదటి పన్నెండు పదమూడు ఎత్తులూ నిమిషానికొకటి చొప్పున గబగబా పడ్డాయి. ఆ తర్వాత ఎత్తు దగ్గర టైము చూస్తే ముప్పై అయిదు నిమిషాలు. ఇంకో పేజీలో నలభై. మే నెల చివర ఒక పేజీ పద్నాలుగో ఎత్తు దగ్గరే ఆగిపోయింది. కింద ఎవరు గెలిచేరో రాయలేదు. గార్డుగా ఉన్న మనిషి ఖాళీ వదిలిన పేజీ అదొక్కటే.

స్కూల్లో ప్రణతికి చదరంగం నేర్పుతారు, అది ఈ రాతలు చదవగలదు. బడి నుంచి రాగానే కూర్చోబెట్టేను. అది మామయ్య లావు పుస్తకం తెచ్చి, పెన్సిల్ టిక్కులున్న పేజీలు చూసి, నోటుబుక్కు చూసి, మళ్లీ పుస్తకం చూసింది. అమ్మా, ఇవన్నీ ఇందులో ఉన్న ఆటలే, తాత గెలిచినాయన ఎత్తులు వేస్తున్నాడు అంది. తాతకి అవి నోటికొచ్చు, అది వింతేం కాదు. మరి ఎదటివాడి ఎత్తుల మాటేటి అని అడిగేను. అవీ అచ్చు గుద్దినట్టు పుస్తకంలోవేనంది. ఓడిపోయినవాడి ఎత్తులన్నీ పొల్లుపోకుండా మాస్టారే వేస్తున్నారు.

ఆ మర్నాడు నోటుబుక్కు సంచిలో పెట్టుకుని మాస్టారింటికి వెళ్లేను. "బసో, మా" అన్నారాయన, కూర్చోమ్మా అని. ఒడియాలో కూతురి వయసు ఆడవాళ్లని మా అనే పిలుస్తారు. ఆయనకి రెండు కళ్లకీ శుక్లాలు, మనిషిని గొంతుతో గుర్తుపడతారు. నేనేం మాట్లాడకుండా రెండు పేజీలు తెరిచి ముందు పెట్టేను. ముక్కుకి ఆనించుకుని చూసి, కళ్లజోడు తీసి పంచెతో తుడవడం మొదలెట్టేరు. అది ఎంతకీ తెమల్లేదు.

ఆయన చెప్పింది ఇదీ. మాకు ఉప్పు టీ రాకముందే, వేసవిలోనే ఆయనకి తెలిసిపోయింది. మొదటి పుస్తకంలో ఉన్నంతమేరా మూర్తిబాబు ఆట చెక్కు చెదరదు. అందులో రాసున్నది అయిపోయి, సొంతంగా ఆలోచించాల్సిన చోటుకి రాగానే ఆగిపోతారు. మే చివర్లో ఒకరోజు ఆయన చెయ్యి బల్ల మీద గాల్లోనే ఉండిపోయింది. చాలాసేపు అలాగే ఉండి, లేచి, చెప్పులు కూడా తొడుక్కోకుండా వెళ్లిపోయేరు. మూడు రోజులు రాలేదు. ఆ మూడు రోజులూ మాస్టారు నిద్రపోలేదు. నాలుగో రోజు మాస్టారే మా ఇంటికొచ్చి పిలుచుకెళ్లేరు. మామయ్యకి ఇష్టమైన ఆటలు ఏవో ఆయనకి తెలుసు. వాటిలో ఓడినవాడి ఎత్తులు బట్టీ పట్టి, ఎదట కూర్చున్నారు.

"ఒక్క ఎత్తు తప్పితే మూర్తిబాబు దారి తప్పిపోతారు మా. అందుకని పరీక్షకి చదివినట్టు చదివేను. ఓడిపోడానికి ఇంత చదవాలని నాకు తెలీదు."

ఆ మనిషి కాళ్లకి దండం పెట్టాలో, కేకలెయ్యాలో తెలీలేదు నాకు. చివరికి కేకలే వేసేను. మీరు ఓడిపోబట్టే ఈయనకేం లేదని మా ఆయన డాక్టరు మాట ఎత్తనివ్వట్లేదు మాస్టారూ, మీ మంచితనం వల్ల మాకు నెలలు పోయేయి అన్నాను. ఆయనకి ఇదంతా కొత్త.  నేను ఆట ఒక్కటే చూసేను మా, ఇల్లు చూళ్లేదు అన్నారు. అంత పెద్దాయన చేత ఆ మాట అనిపించినందుకు నా మీద నాకే అసహ్యం వేసింది. లేస్తుంటే, సోమవారం కోరాపుట్ వెళ్తున్నాననీ, కూతురు సస్మిత దగ్గర ఉండి కళ్ల ఆపరేషన్ చేయించుకుంటాననీ, నెల పడుతుందనీ చెప్పేరు. నెల్లాళ్లు మూర్తిబాబు ఎదట ఎవరు కూర్చుంటారు మా అని అడిగేరు. 

ఆ సాయంత్రం మా ఆయనకి చెప్పేద్దామనే అనుకున్నాను. నోటుబుక్కు కొంగు కింద పట్టుకుని గుమ్మం దగ్గరే నిలబడ్డాను. ఆయన బూటు తాడు లాగుతూ, ఎవరు గెలిచేరు నాన్నా అన్నారు. గెలిచేన్రా అని వచ్చింది. ఆయన తలొంచుకునే నవ్వుకున్నారు. ఆ నవ్వు చూసేక, నోటుబుక్కు తీసుకెళ్లి మళ్లీ మామయ్య దిండు పక్కన పెట్టేసేను.

మాస్టారు వెళ్లిపోయేరు. మామయ్య రెండ్రోజులు ఇన్‌స్టిట్యూట్‌కి వెళ్లి, పేకాట వాళ్ల వెనకాల కూర్చుని వచ్చేరు. మూడో రోజు చొక్కా తొడుక్కుని గేటు గడియ మీద చెయ్యి వేసి నిలబడిపోయేరు. వెళ్తున్నారో వచ్చేరో ఆయనకే తేలినట్టు లేదు. వాన మీద పడుతున్నా కదల్లేదు. నేను వెళ్లి తువ్వాలు కప్పి, నాతో ఆడండి మామయ్యా అన్నాను. నవ్వేరు. నీకు బంటు నడక తెల్దు కదమ్మీ అన్నారు. నేర్చుకుంటానన్నాను.

నాలుగు రోజులు ప్రణతి నాకు గురువు. బంటు ఇలాగ, ఏనుగు అలాగ, గుర్రం రెండు గళ్లు ముందుకీ ఒకటి పక్కకీ. అమ్మా నీ బుర్రలో ఏముందే అని నన్ను తిట్టడం దానికి మహా సరదాగా ఉండేది. మామయ్య ఎక్కువసార్లు ఆడిన ఆట ఒకటి తీసి, అందులో ఓడిపోయినవాడి ఎత్తులన్నీ నాకు అర్థమయ్యేలాగ పాత క్యాలెండరు కాయితం వెనక తెలుగులో రాసిచ్చింది. తర్వాత సోమవారం సాయంత్రం వరండాలో బల్ల వేసి, ఆ కాయితం ఒళ్లో కొంగు కింద పెట్టుకుని కూర్చున్నాను. ఎదురుగా మామయ్య, పక్కన ఆయన నోటుబుక్కు, చేతికి వాచీ. మాకు ఎడంపక్క చూరు కారుతుంటే బకెట్టు పెట్టేను.

పది ఎత్తులు బ్రహ్మాండంగా నడిచేయి. ఆయన వేస్తారు, నేను కొంగు సర్దుకున్నట్టు కిందికి చూసి వేస్తాను. ఆయన టైము రాసుకుంటారు. ఇదేం పెద్ద విద్యా అని లోపల కొంచెం గర్వం కూడా వచ్చింది. పదకొండో ఎత్తు దగ్గర కాయితంలో, గుర్రం మంత్రి ముందు గడిలోకి అని రాసుంది. నా గుర్రాలు రెండున్నాయి. రెండూ ఆ గడిలోకి వెళ్లగలవు. ఏ గుర్రమో పిల్ల రాయలేదు. చేతికి దగ్గరగా ఉంది కదా అని, బయట తిరుగుతున్న గుర్రాన్ని వెనక్కి తెచ్చి అక్కడ పెట్టేను. రెండోది కదలకుండా తన మొదటి గడిలో, ఇంట్లోనే ఉండిపోయింది.

మామయ్య పెన్ను ఆగింది.

"ఆ గుర్రం కాదమ్మీ. ఓడిపోయినాయన రెండో గుర్రం తీసేడు."

ఒళ్లో కాయితం ఉన్న చోట నాకు చెమట పట్టేసింది. మీకు తెలుసా మామయ్యా అన్నాను. ఆ మాట నాకే వినపడలేదు, ఆయనకెలా వినపడిందో.

"పుస్తకం నాది కదేటి," అన్నారు. "మాస్టారు పాపం కష్టపడి ఓడిపోతన్నాడు. నాకు తెలిసిపోయిందంటే ఆ మనిషి సిగ్గుపడి రేపట్నించి రాడు. అందుకని గెలస్తన్నాను."

ఇద్దరు ముసలాళ్లు, ఒకరికోసం ఒకరు, మూడు నెలలుగా ఈ నాటకం ఆడుతున్నారు. మధ్యలో మా ఇల్లు దాన్ని నమ్ముకుని కూర్చుంది. నేను గుర్రాన్ని వెనక్కి తీసుకోబోతే ఆయన చెయ్యి అడ్డం పెట్టేరు. ముట్టుకున్న కాయ ముట్టుకున్నట్టే, అది ఆయన దగ్గర ఎప్పుడూ ఉన్న రూలే.

"ఉండనీ. ఇప్పుడు నీకూ దారి తెల్దు, నాకూ తెల్దు. ఆడదాం."

చాలాసేపు చూసేరు బల్లకేసి. పెదాలు కదులుతున్నాయి, లెక్క పెడుతున్నారో, స్టేషన్ల పేర్లు చెప్పుకుంటున్నారో. చెయ్యి పైకి లేచి గాల్లో ఆగింది. మాస్టారు చెప్పినట్టే ఆగింది. చూడలేక లేచి వెళ్లి బకెట్టు పారబోసి వచ్చేను. ఇంకా అలాగే ఉంది. చివరికి ఆ చెయ్యి దిగి, మంత్రిని పట్టుకుని, పుస్తకం ప్రకారం ఏ గడిలో పెట్టాలో ఆ గడిలోనే పెట్టింది. తెలిసిన దారి అదొక్కటే, అటే పోయింది.

పుస్తకంలో అది గొప్ప ఎత్తంట. కానీ పుస్తకంలో నా గుర్రం ఇంట్లో లేదు. ఇక్కడ ఉంది. రెండు గళ్లు ముందుకి, ఒకటి పక్కకి. నాలాంటిదానికి కూడా కనపడిపోయింది, మంత్రిని తీసెయ్యొచ్చని. మంత్రి పోతే ఇంక ఆట లేదని ప్రణతి నాకు పదిసార్లు చెప్పింది. కనపడనట్టు మొహం పెట్టి, మూల ఉన్న ఒక బంటు మీదికి చెయ్యి పోనిచ్చేను.

"అమ్మీ. సూసేవు కదా."

"లేదు మామయ్యా."

"సూసేవు. సూసి తియ్యకపోతే, మాస్టారు సేసిన పనే నువ్వూ సేసినట్టు. తియ్యి."

తీసేను. కళ్లకి నీళ్లు అడ్డం వచ్చి ఎటు తీస్తున్నానో కూడా సరిగా కనపడలేదు. ఆయన తన రాజుని రెండు వేళ్లతో పట్టుకుని మెల్లిగా పక్కకి పడుకోబెట్టేరు. వాచీ చూసుకుని నోటుబుక్కులో టైము వేసి, అవతలి ఆటగాడి పేరు దగ్గర నాగశ్రీ అని రాసి, గెలిచింది ఎవరో కూడా రాసేరు.  

ఆరు దాటింది. మోటార్ సైకిల్ ఆగింది. మా ఆయన రెయిన్‌కోటు విప్పి దులిపి, గుమ్మం మీద కూర్చుని ఎడంకాలి బూటు తాడు లాగుతూ, మాస్టారు ఊళ్లో లేకపోయినా ఎప్పట్లాగే తలెత్తకుండా అడిగేరు.

"ఎవరు గెలిచేరు నాన్నా?"

"ఓడిపోయేన్రా."

మా ఆయన నవ్వేరు. మాస్టారు అప్పుడే వచ్చేసేరా, కళ్లు బాగా కనపడుతున్నట్టున్నాయే అన్నారు.

"మాస్టారు కాదురా. నాగశ్రీ సేతిలో."

అప్పుడు తలెత్తేరు. నా పిడికిట్లో మంత్రి ఇంకా ఉంది. ఎక్కడ పెట్టాలో తెలీక అలాగే పట్టుకుని ఉన్నాను. నాకు ఆట రాదని ఆయనకి తెలుసు. రోజూ ఆ మాటతోనే కదా నా నోరు మూయించేవారు. నన్ను చూసేరు, బల్ల మీద పడుకున్న రాజుని చూసేరు, వాళ్ల నాన్నని చూసేరు. మామయ్య కూడా కొడుకునే చూస్తున్నారు, తప్పు చేసినట్టు కాదు, సిగ్నల్ ఇచ్చేసేను, ఇంక నీ పని అన్నట్టు.  మా ఆయన విప్పిన ఎడం బూటు మళ్లీ తొడుక్కుని, తాడు కట్టుకోడానికి చాలాసేపు కష్టపడి, స్టేషన్‌కెళ్లి విశాఖపట్నానికి టికెట్లు తీసుకొస్తానని లేచేరు. గేటు దాటేక మొహం తుడుచుకోవడం నేను చూసేను. వానే అనుకోమన్నా నేననుకోను. గేటు వెయ్యకుండానే వెళ్లిపోయేరు.

మామయ్య కాయలన్నీ డబ్బాలో సర్దేరు. నా చేతిలోంచి మంత్రిని తీసుకుని దాని చోట దాన్ని పెట్టేరు. తర్వాత వంటింట్లోకి వెళ్లి టీ పెట్టి, రెండు గ్లాసులు తెచ్చి, ఒకటి నాకిచ్చి ఎదురుగా కూర్చున్నారు. ఒక గుక్క తాగేను.

"బాగుందా అమ్మీ?"

"ఉప్పేసేరు మామయ్యా."

ఆయన తన గ్లాసులోకి చూసుకున్నారు. ఒక గుక్క తాగి, రుచి తెలియట్లేదన్నట్టు తల ఊపేరు. రెండు గ్లాసులూ పట్టుకెళ్లి చూరు కింద పారబోసి, వంటింటి గుమ్మం దగ్గర ఆగి నా వైపు తిరిగేరు.

"మళ్లీ పెడతాను. నువ్వొచ్చి పక్కన నిలబడు."